యంత్రానికో ఆఫీసు ఆర్డరు
(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "కంప్యూటరు గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. కంప్యూటరు శాస్త్రం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. 1973లో గుమాస్తాగా చేరి, 36 ఏళ్ళు ఫైళ్ళు నడిపి, 2009లో 58 ఏళ్ళకు పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసింది ఆఫీసు పని ఒక్కటే. అయితే గత రెండేళ్ళుగా నేర్చుకుంటున్న షెల్ స్క్రిప్టు అనే విద్య కూడా చివరికి ఆఫీసు పనేనని తెలిసింది. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. మనం సర్వీసులో ఉండగా నేర్చుకున్న పద్ధతి, అంటే ఒక పనిని వరుసలు వరుసలుగా విడదీసి, అనుమానానికి తావు లేకుండా కాగితం మీద పెట్టే పద్ధతి, ఈ విద్యకు సగం పెట్టుబడి. మిగిలిన సగం ఓపిక. అది మన దగ్గర ఎటూ ఉంది.

ఎందుకు నేర్చుకోవలసి వచ్చింది

మా పాత సహోద్యోగి ఒకాయన చనిపోయిన తర్వాత ఆయన భార్య స్వగ్రామంలో ఒంటరిగా ఉంటున్నారు. వయసు 78. ఒక వేసవిలో ఆమె నాకు ఫోను చేసి, "అన్నయ్యగారూ, మూడు నెలలుగా పింఛను పడటం లేదు. ఏం తప్పు చేశామో తెలియడం లేదు" అన్నారు. తప్పేమీ లేదు. ఏడాదికొకసారి ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ పత్రం ఆ ఏడు అందలేదు, అంతే. పత్రం ఇచ్చాక పింఛను మళ్ళీ మొదలైంది, బకాయి కూడా వచ్చింది. కాని ఆ మూడు నెలలూ ఆమె మందులు కొనడానికి చేతి గాజు కుదువ పెట్టారు.

2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ పద్ధతి ప్రవేశపెట్టాక వేలిముద్రతో ఈ పత్రం ఇచ్చే సౌకర్యం వచ్చింది. సౌకర్యం మంచిదే. అయితే ఫలానా తేదీలోగా వెళ్ళాలని గుర్తు చేసేవారెవరు? కొడుకులు ఊళ్ళో లేరు. పేపరు చదవడానికి చూపు ఆనదు. ఇలాంటివారికి సంఘమే గుర్తు చేయాలని ఆనాటి కమిటీ తీర్మానించింది. మన సభ్యులు 340 మంది. ఎవరు పత్రం ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అని వారం వారం రిజిస్టరు తిరగేసి జాబితా తీయడం ఒకరిద్దరి చేత అయ్యే పని కాదు. ఆ పని నాకు అప్పగించారు.

అదే సమయంలో మా మనవరాలు తన పాత ల్యాప్‌టాపు నాకిచ్చింది. అది విండోస్ మోయలేక ఆయాసపడుతుంటే అందులో లినక్స్ ఎక్కించింది. లినక్స్‌కు డబ్బు కట్టనక్కరలేదు, పాత యంత్రంలోనూ నడుస్తుంది. "తాతయ్యా, నీకు బొమ్మలు నొక్కడం కష్టం. మౌస్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. నువ్వు టైపిస్టువి కదా, టైపు చేసి పని చేయించుకో" అంది. నల్లటి తెర, అందులో మినుకుమినుకుమనే చిన్న గీత చూపించింది. ఆ తెరను టెర్మినల్ అంటారు.

పెంకు, గింజ

షెల్ అంటే పెంకు. వేరుశనగ కాయను తలచుకోండి. లోపలి గింజను ఇంగ్లీషులో కెర్నెల్ అంటారు, పైదాన్ని షెల్ అంటారు. కంప్యూటరులోనూ అవే పేర్లు. అసలు యంత్రాంగమంతా లోపలి కెర్నెల్ చేతిలో ఉంటుంది. మనం మాట్లాడేది పైనున్న షెల్‌తో. మనం టైపు చేసిన మాటను అది చదివి, లోపలికి పంపి, జవాబు తెచ్చి మన ముందు పెడుతుంది. ఆఫీసరుగారి గది బయట కూర్చునే క్యాంపు క్లర్కు చేసే పని ఇదే.

దీని చరిత్ర కొంచెం వినండి. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే వ్యవస్థ మొదలుపెట్టారు. మంచి యంత్రం కొనాలంటే పైవారిని ఒప్పించాలి కదా! కాగితాలు టైపు చేసి, దిద్ది, అచ్చుకు సిద్ధం చేసే ఏర్పాటు తయారు చేస్తామని చెప్పి యంత్రం తెప్పించుకున్నారు. 1971 రెండో సగంలో అక్కడి పేటెంట్ల విభాగం నుంచి ముగ్గురు టైపిస్టులు వచ్చి, రోజంతా దానిమీద పేటెంటు దరఖాస్తులు టైపు చేసేవారు. ఈ వ్యవస్థకు తొలి వాడకందార్లు మనలాంటి టైపిస్టులేనన్న సంగతి తెలిశాక నాకు సగం భయం పోయింది.

ఆ తర్వాత 1979లో స్టీఫెన్ బోర్న్ అనే ఆయన రాసిన షెల్ బాగా వ్యాప్తిలోకి వచ్చింది. 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ అనే షెల్ దాని వారసురాలు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. నా ల్యాప్‌టాపులో ఉన్నది లినక్స్, అందులో బాష్.

మొదటి పాఠాలు

ఇక్కడ బోర్డు లేదు కనుక ఆజ్ఞలను నోటితోనే చెబుతాను. ఇంట్లో ప్రయత్నించేవారు కీబోర్డు మీద వాటి ఇంగ్లీషు అక్షరాలు నొక్కాలి. అన్నీ చిన్న బడి అక్షరాలే. పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు అని యంత్రం పట్టింపుగా చూస్తుంది.

మొదటి ఆజ్ఞ పి డబ్ల్యు డి. నవ్వకండి, మన పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు కాదు. "నేనిప్పుడు ఏ అరలో ఉన్నాను?" అని అడగడం. యంత్రం లోపల బీరువాలు, అరలు, అరల్లో ఫైళ్ళు ఉంటాయి. ఇప్పుడు మనం ఏ బీరువా ముందు నిలబడ్డామో ఇది చెబుతుంది. రెండోది ఎల్ ఎస్. ఆ అరలో ఉన్న ఫైళ్ళ జాబితా. మూడోది సి డి, పక్కన అర పేరు. ఆ అరకు వెళ్ళమని. నాలుగోది క్యాట్, పక్కన ఫైలు పేరు. పిల్లి కాదు, కలిపి చూపడం అనే ఇంగ్లీషు మాటకు కుదింపు. ఫైలులో ఉన్నదంతా తెర మీద పరుస్తుంది. అయిదోది ఎకో. మనమన్న మాటనే తిరిగి అంటుంది. దీని ఉపయోగం తర్వాత చెబుతాను.

ఏ ఆజ్ఞ ఏం చేస్తుందో తెలియకపోతే ఎమ్ ఎ ఎన్ అని కొట్టి పక్కన ఆ ఆజ్ఞ పేరు రాస్తే మాన్యువల్ తెరుచుకుంటుంది. ఈ మాన్యువల్ మొదటి ప్రతి తేదీ 1971 నవంబరు 3. డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ పక్కన పెట్టుకుని పని చేసిన మనకు ఇది కొత్త అలవాటు కాదు.

రెండు సదుపాయాలు మన వయసువారికి వరాలు. ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే, ఆ అక్షరాలతో మొదలయ్యే ఫైలు ఒక్కటే ఉంటే మిగతా పేరు యంత్రమే పూర్తి చేస్తుంది. పైబాణం నొక్కితే ఇంతకుముందు ఇచ్చిన ఆజ్ఞ మళ్ళీ వస్తుంది, తిరిగి టైపు చేయనక్కరలేదు. అక్షరాలు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. శుక్లాల ఆపరేషను అయిన నా కళ్ళకు తెల్ల కాగితం కన్నా ఆ నల్ల తెరే హాయిగా ఉంది.

ఇంకొక సంగతి. పని సవ్యంగా జరిగితే చాలా ఆజ్ఞలు ఏమీ అనవు. మౌనంగా తర్వాతి ఆజ్ఞకు ఎదురుచూస్తాయి. జరగకపోతేనే ఒక వాక్యం రాస్తాయి. ఆ వాక్యం చూసి బెదిరిపోకూడదు. ట్రెజరీ నుంచి బిల్లు అబ్జెక్షనుతో తిరిగి వస్తే మనం ఏం చేసేవాళ్ళం? అబ్జెక్షను చదివి, సరిచేసి మళ్ళీ పంపేవాళ్ళం. ఇదీ అంతే. ఎన్నో వరుసలో తేడా ఉందో కూడా చాలాసార్లు అదే చెబుతుంది.

మన సభ్యుల జాబితా

ఇక పనిలోకి వద్దాం. రిజిస్టరులోని 340 పేర్లూ ఒక మామూలు ఫైలులోకి టైపు చేశాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస. వరుస సంఖ్య, పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఫోను నంబరు, చివర పత్రం ఇచ్చారా లేదా అన్నది. గడికి గడికి మధ్య కామా. ఇచ్చినవారికి చివర యస్ అనీ, ఇవ్వనివారికి నో అనీ ఇంగ్లీషులో. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అందులో పెట్టలేదు. ఈ పనికి అవి అవసరం లేదు. అవసరం లేని సమాచారం దగ్గర పెట్టుకోకపోవడమే క్షేమం.

వెతికే ఆజ్ఞ పేరు గ్రెప్. 'నో' ఉన్న వరుసలు తీసుకురా అంటే రెప్పపాటులో తెస్తుంది. అయితే ఇక్కడొక మెలకువ ఉంది. మనోహర్, మనోరమ అనే పేర్లను ఇంగ్లీషులో రాసి చూడండి. మధ్యలో ఎన్, ఓ అక్షరాలు ఉన్నాయి. పత్రం ఇచ్చేసినా మనోహర్‌గారు, మనోరమగారు జాబితాలోకి వచ్చేస్తారు. యంత్రానిది తప్పు కాదు. ఆ రెండక్షరాలున్న వరుసలు తెమ్మన్నాం, తెచ్చింది. అందుకని ఆజ్ఞను బిగించాలి. ముందు కామా, ఆ తర్వాత నో, ఆ తర్వాత డాలరు గుర్తు. ఇక్కడ డాలరు గుర్తుకు వరుస చివర అని అర్థం. అంటే "కామా తర్వాత నో ఉండి, అంతటితో వరుస ముగిసినవి మాత్రమే" అని. ఇప్పుడు వచ్చేది అచ్చమైన బాకీ జాబితా.

ఆఫీసులో డ్రాఫ్టు రాసేటప్పుడు మన సూపరింటెండెంట్లు "ఈ వాక్యానికి రెండర్థాలు వస్తున్నాయోయ్" అని ఎర్ర సిరాతో గీత పెట్టేవారు గుర్తుందా? ఈ యంత్రం ఆ సూపరింటెండెంటు లాంటిది. మన మనసులో ఉన్నది దానికి అక్కరలేదు, కాగితం మీద ఉన్నదే చూస్తుంది.

ఒక సెక్షను నుంచి ఇంకొక సెక్షనుకు

వచ్చిన జాబితాను ఊళ్ళవారీగా పేర్చాలి. దానికి సార్ట్ అనే ఆజ్ఞ ఉంది. గ్రెప్ తెచ్చినదాన్ని సార్ట్ చేతికి ఎలా ఇవ్వడం? రెంటికీ మధ్య ఒక నిలువు గీత పెట్టాలి. ఈ గీతను పైపు అంటారు. ఎడమవైపు ఆజ్ఞ ఇచ్చిన ఫలితం ఈ గొట్టంలోంచి కుడివైపు ఆజ్ఞకు చేరుతుంది. ఇన్‌వార్డు సెక్షను చూసిన ఫైలును అటెండరు తీసుకెళ్ళి అకౌంట్స్ సెక్షను బల్ల మీద పెట్టినట్టు. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ అనే ఆయన పట్టుబట్టగా 1973లో ఈ పైపు యూనిక్స్‌లోకి వచ్చింది. ఒక్కొక్క ఆజ్ఞ ఒక్క పనే చేయాలి, బాగా చేయాలి, మిగతాది పక్కవారికి అందించాలి అన్నది వారి సూత్రం. ఏ ఆఫీసుకైనా పనికొచ్చే సూత్రమే!

సార్ట్‌కు "కామాను హద్దుగా తీసుకో, నాలుగో గడిని బట్టి పేర్చు" అని చెబితే ఊళ్ళవారీగా పేరుస్తుంది. ఇంకో గీత పెట్టి డబ్ల్యు సి అని రాసి, పక్కన చిన్న అడ్డగీత, ఎల్ పెడితే ఎన్ని వరుసలో లెక్క చెబుతుంది. ఇదీ నవ్వవలసిన పేరు కాదు, వర్డ్ కౌంట్ అనే మాటకు కుదింపు.

తెర మీద కనిపించింది ఫైలులో భద్రపరచాలంటే కుడివైపు చూసే బాణపు గుర్తు పెట్టి ఫైలు పేరు రాయాలి. ఒక బాణం పెడితే ఆ పేరుతో అంతకుముందున్న ఫైలులోని రాతంతా పోయి కొత్తది వస్తుంది. రెండు బాణాలు పెడితే పాతదాని కింద కొత్తది చేరుతుంది. ఒక బాణం అంటే కొత్త రిజిస్టరు తెరవడం, రెండు బాణాలంటే ఉన్న రిజిస్టరులో తర్వాతి పద్దు రాయడం. ఈ తేడా మాత్రం కంఠతా పట్టాలి.

ఆజ్ఞలను ఆర్డరుగా మార్చడం

ఇంతవరకు చెప్పింది నోటిమాటగా పని చేయించడం. వారం వారం ఇదే పని ఉన్నప్పుడు నోటిమాట చాలదు, స్టాండింగ్ ఆర్డరు జారీ చేయాలి. అదే స్క్రిప్టు. ఈ ఆజ్ఞలనే ఒక ఫైలులో వరుసగా రాసి పేరు పెట్టడం. నేను దానికి 'బాకీ' అని పేరు పెట్టాను.

మొదటి వరుసలో హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత బాష్ ఉండే చోటు రాయాలి. ఇది ఎవరి పేర తాఖీదు అన్నది చెప్పడం, "టు" అని రాసి కింద హోదా రాసినట్టు. ఆ తర్వాతి వరుసల్లో హ్యాష్ గుర్తుతో మొదలైనదాన్ని యంత్రం పట్టించుకోదు. అది మనుషుల కోసం రాసుకునే టిప్పణి. నేను ప్రతి ఆజ్ఞ పైనా ఒక టిప్పణి రాస్తాను. రేపు ఈ సీటులోకి వచ్చేవారికి ఫైలు అర్థం కావాలి కదా.

రాసినంత మాత్రాన ఆర్డరు అమలుకు రాదు, మంజూరు కావాలి. సి హెచ్ మోడ్ అనే ఆజ్ఞతో ప్లస్ ఎక్స్ అని చేర్చి ఆ ఫైలుకు అమలు అధికారం ఇవ్వాలి. ఆ తర్వాత చుక్క, ఏటవాలు గీత, ఫైలు పేరు కొడితే రాసిన పనులన్నీ వరుసగా జరిగిపోతాయి. మొదటిసారి అలా జరిగి, 61 పేర్లు ఊళ్ళవారీగా తెర మీదికి వచ్చినప్పుడు మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచి చూపించాను. "పేర్లే కదా" అంది. నిజమే, పేర్లే. కాని చేత్తో తీయాలంటే ఒక పూట పట్టే పేర్లు.

ఖాళీ గడులు, షరతులు, ప్రతులు

ఆఫీసులో సైక్లోస్టైలు చేసిన ప్రొఫార్మాలు ఉండేవి. పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. స్క్రిప్టులోనూ అలాంటి ఖాళీలకు పేరు పెట్టుకోవచ్చు. వాటిని వేరియబుల్స్ అంటారు. పేరు రాసి, సమానం గుర్తు పెట్టి, విలువ రాయాలి. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. తర్వాత డాలరు గుర్తు పెట్టి ఆ పేరు వాడితే విలువ వచ్చి కూర్చుంటుంది. జంట కొటేషన్ల మధ్య పెడితే విలువ నింపుతుంది, ఒంటి కొటేషన్ల మధ్య పెడితే ఉన్నదున్నట్టు నిజ నకలుగా ఉంచుతుంది.

దీనితో నేను చేసిన పని చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 70 ఏళ్ళు నిండిన పెన్షనర్లకు అదనపు పింఛను ఉంది. శాతాలు ఎప్పటికప్పుడు వచ్చే ఉత్తర్వులను బట్టి ఉంటాయి. ఈ నెలలో 70 నిండేవారెవరో ముందే తెలిస్తే, వారి పింఛనులో ఆ మొత్తం చేరిందో లేదో చూసుకోమని చెప్పవచ్చు. యంత్రానికి ఈనాటి తేదీ తెలుసు. డేట్ అనే ఆజ్ఞతో ఈ సంవత్సరం అడిగి, అందులోంచి 70 తీసివేయమని, వచ్చిన సంవత్సరాన్ని, ఈ నెలను కలిపి పుట్టిన తేదీల్లో వెతకమని రాశాను. ఇందుకోసం తేదీలను ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు వచ్చేలా రాసుకోవాలి. అలా రాస్తే సార్ట్ కూడా పెద్దవారి నుంచి చిన్నవారి దాకా తప్పు లేకుండా పేరుస్తుంది.

షరతు పెట్టాలంటే ఇఫ్. అర్హత ఉంటే ఇలా, లేకుంటే అలా. షరతు ముగిసిందని చెప్పడానికి ఇఫ్‌ను తిరగేసి ఫి అని రాయాలి. ఈ తిరగేసే అలవాటు ఆల్గాల్ 68 అనే పాత భాష నుంచి బోర్న్‌గారు తెచ్చింది. ఒకే పని పదిమందికి చేయాలంటే ఫర్. "జిల్లాలోని తహసీల్దార్లందరికీ" అని ఒకే ఉత్తరం వేసి ప్రతులు పంపేవాళ్ళం చూడండి, అదే ఇది. ఊళ్ళ పేర్లు వరుసగా ఇచ్చి, డూ అని పని చెప్పి, డన్ అని ముగిస్తే ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క జాబితా విడిగా తయారవుతుంది. ఆ జాబితాను ఆ ఊళ్ళో ఉండే సభ్యుడికి ఇస్తాం. ఊరి పేరు రెండు మాటలుగా ఉంటే దాన్ని కొటేషన్లలో పెట్టాలి. లేకపోతే యంత్రం రెండు ఊళ్ళనుకుంటుంది.

పీరియాడికల్ రిజిస్టరు

ఆఫీసులో పీరియాడికల్ రిజిస్టరు ఉండేది. ఏ నివేదిక ఏ తేదీకి పంపాలో అందులో రాసి ఉండేది. యంత్రంలో దానికి సమానమైనది క్రాన్. కాలం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు. అందులో ఒక వరుసకు అయిదు గడులు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. పట్టింపు లేని గడిలో నక్షత్రం గుర్తు పెట్టాలి. సున్నా, తొమ్మిది, ఒకటి, నక్షత్రం, నక్షత్రం అని రాసి పక్కన స్క్రిప్టు ఉన్న చోటు రాస్తే, ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం 9 గంటలకు జాబితా సిద్ధం. అయితే ఆ వేళకు యంత్రం మేలుకుని ఉండాలి. మూసేసిన ల్యాప్‌టాపు సెలవులో ఉన్న గుమాస్తాతో సమానం.

కొన్ని జాగ్రత్తలు

మన రికార్డు రూములో ఎల్.డిస్. కాగితాలకు ఏడాది, డి.డిస్. కాగితాలకు పదేళ్ళు, ఆర్.డిస్.లకు శాశ్వతం అని ఆయుర్దాయం ఉండేది. ఇక్కడ ఆర్ ఎమ్ అనే రెండక్షరాల ఆజ్ఞ ఉంది. అది ఇస్తే ఫైలు అప్పుడే పోతుంది. చెత్తబుట్టలోకి వెళ్ళదు, అప్పీలు లేదు. అందుచేత దాని జోలికి వెళ్ళేముందు సి పి అనే ఆజ్ఞతో ఒక నకలు తీసి వేరే అరలో ఉంచండి. స్క్రిప్టులో తుడిచే ఆజ్ఞ ఉంటే ముందు దాని ఎదుట ఎకో పెట్టి నడపండి. అప్పుడు పని చేయకుండా, ఏం చేయబోతోందో మాత్రం చదివి వినిపిస్తుంది. ఫెయిర్ కాపీకి ముందు డ్రాఫ్టు అన్నమాట.

రెండోది మరింత ముఖ్యం. ఫోనులో ఎవరో "ఈ మాట టైపు చేయండి, మీ పింఛను సరవుతుంది" అంటే ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. అర్థం తెలియని కాగితం మీద సంతకం పెట్టకూడదని మనకు మొదటి రోజే నేర్పారు. అర్థం తెలియని ఆజ్ఞ మీద ఎంటర్ నొక్కడం కూడా సంతకమే.

ఏం ఒరిగింది?

మొదటి జాబితాలో 61 పేర్లు అన్నాను. మహిళా సభ్యులిద్దరు, నేను, కోశాధికారిగారు పంచుకుని ఫోన్లు చేశాం. రెండు వారాల తర్వాత 19. గడువుకు వారం ముందు 2. ఆ ఇద్దరిలో ఒకరు అమెరికాలో కొడుకు దగ్గర ఉన్నారు. అక్కడి నుంచి పత్రం పంపే ఏర్పాటు వాళ్ళబ్బాయి చేశాడు.

రెండో పేరు ఎదుట ఉన్న ఫోను ఎంత మోగినా ఎవరూ ఎత్తలేదు. కార్యదర్శిగారు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళారు. సభ్యుడు చనిపోయి అయిదు వారాలైంది. భార్యకు కుటుంబ పింఛను ఉంటుందని తెలుసు గాని, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియదు. పిల్లలు లేరు. పి.పి.ఓ. కాగితం ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. పెట్టె అడుగున పంచె మడతలో దొరికింది. మరణ ధ్రువీకరణ పత్రం తీయించడం, దరఖాస్తు నింపడం, సబ్ ట్రెజరీకి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళడం అన్నీ కార్యదర్శిగారే చేశారు. ఇప్పుడు ఆమెకు నెలనెలా పింఛను వస్తోంది. ఆమె పేరు మన ఫైలులో కొత్త వరుసగా చేరింది. రెండు బాణాలతో చేర్చాను.

యంత్రం చేసింది ఏమిటి? చివరికి మిగిలిన ఒక్క పేరును మా ముందు పెట్టింది. 340 పేర్ల మధ్య ఉన్నప్పుడు ఆ ఒక్క పేరు ఎవరి కంటా పడేది కాదు. బస్సెక్కవలసింది మనిషే. కాని ఏ ఊరు బస్సెక్కాలో ముందు తెలియాలి కదా.

ఫోన్లు చేసినప్పుడు ఇంకొకటి గమనించాను. చాలామంది పత్రం సంగతి రెండు నిమిషాల్లో ముగించి, తర్వాత పావుగంట తమ సంగతులు చెప్పుకున్నారు. మోకాళ్ళు, మనవలు, పాత ఆఫీసు. జాబితా తీసే శ్రమ తగ్గింది కనుకనే ఆ పావుగంట వినడానికి మాకు తీరిక దొరికింది.

మొదలుపెట్టదలచినవారికి

మిత్రులారా, ఇంట్లో పిల్లలు వాడి పక్కన పెట్టిన కంప్యూటరు ఉంటే చాలు. లినక్స్ ఎక్కించమని వాళ్ళను అడగండి. విండోస్ తీసేయడం ఇష్టం లేకపోతే, విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు 2016 నుంచి ఉంది. రోజుకు అరగంట. మొదటి వారం పి డబ్ల్యు డి, ఎల్ ఎస్, సి డి, క్యాట్. రెండో వారం గ్రెప్, సార్ట్, పైపు. మూడో వారం రెండు వరుసల స్క్రిప్టు. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఎడమ పేజీలో ఆజ్ఞ, కుడి పేజీలో దాని అర్థం తెలుగులో రాసుకోండి. నా పుస్తకంలో ఇప్పటికి 46 ఆజ్ఞలున్నాయి. కావలసినవారికి జెరాక్సు ఇస్తాను.

సొంత పని ఒకటి ఎంచుకుని మొదలుపెట్టండి. మందుల జాబితా కావచ్చు, కరెంటు బిల్లుల లెక్క కావచ్చు, మనవలు మనవరాళ్ళ పుట్టినరోజులు కావచ్చు. పని లేకుండా నేర్చుకున్న ఆజ్ఞ మర్నాటికి మరుపొస్తుంది. పనిలో పడి నేర్చుకున్నది చేతి వేళ్ళకు అంటుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక విన్నపం. మన సభ్యుల ఫైలులో ఇప్పుడు నా తర్వాత ఈ సీటు చూసేవారు ఒకరైనా కావాలి. నాకు 74. ప్రతి సీటుకూ ఛార్జి అప్పగింత ఉంటుంది కదా. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు సంఘ కార్యాలయంలో ల్యాప్‌టాపుతో కూర్చుంటాను. నేర్చుకోదలచినవారు, వారి ఇళ్ళలోని కోడళ్ళు, మనవరాళ్ళు ఎవరైనా రావచ్చు. మీ రిజిస్టరు నంబరు, ఫోను నంబరు మారి ఉంటే అవి కూడా ఒక చీటీ మీద రాసి తీసుకురండి. జాబితా సరిగ్గా ఉంటేనే యంత్రం సరిగ్గా చెబుతుంది.